బోణీకి వచ్చిన మొఖం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు, మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మరు. కొనేవాళ్ల మాట నమ్మం, అమ్మేవాళ్ల మాట అసలే నమ్మం, "ఇదే ఆఖరు రేటు" అని మేము చెప్పే మాటనైతే మేమే నమ్మం. ఎదురుగా కూర్చుని ఒట్టు వేసే మనిషినే నమ్మనిదాన్ని, కనపడని దయ్యాన్ని ఎట్లా నమ్ముతాను? ఎవరైనా తెల్లచీర దయ్యాన్ని చూశామని చెబితే, "తెలుపంటే ఏ తెలుపు? కాటనా, పాలిస్టరా?" అని అడిగే రకం నేను.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాన్ని మీరు కూడా బేరమాడుతూనే వినండి. తగ్గించాలనిపించిన చోటల్లా తగ్గించుకోండి. నేనూ తగ్గించి చూశాను. ఒక చోటకు వచ్చాక ఇక తగ్గడం లేదు.

సూరత్‌లోని గోడాదరాలో మాకు చీరల దుకాణం ఉంది. మా బాపు సిరిసిల్ల దిక్కు నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చాడు. మగ్గాల చప్పుడుకు చెవులు సగం పోయాక, నేసింది చాలు ఇక అమ్ముదామని దుకాణం పెట్టాడు. మార్కెట్‌లో లాటుగా చీరలు ఎత్తుకొచ్చి విడిగా అమ్మడం మా పని. కొనేది మగ్గాల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు. మనవాళ్లు, మరాఠీ వాళ్లు, ఒడియా వాళ్లు వస్తారు. ఎవరి భాష వాళ్లది. బాపుకు ఏ భాషా సరిగా వినపడదు కాబట్టి ఆయనకు అందరూ సమానమే.

వినపడని మనిషి బేరం ఎట్లా చేశాడంటే, మొఖాలు చూసి చేశాడు. చీర మడత విప్పగానే కొనే మనిషి మొదట అంచు చూస్తుంది, తర్వాత కొంగు చూస్తుంది. ఆ తర్వాత చీరను వదిలి పక్కన తోడొచ్చినామె మొఖం చూస్తుంది. ఆ మూడో చూపు పడిందా, చీర అమ్ముడుపోయినట్టే. ఇక ఆమె "రంగు బాలేదు" అన్నా, లేచి చెప్పులేసుకున్నా మనం కంగారుపడక్కర్లేదు. ఈ విద్యను బాపు తమ్ముడికి నేర్పలేదు, నాకు నేర్పాడు. దానితోపాటు ఒక కట్టుబాటు కూడా.

"చీరె అమ్ము బిడ్డా, మొఖం అమ్మకు."

అంటే మన మొఖంలో ఏమీ కనపడకూడదు. సంతోషం కనపడితే కొనేవాళ్లు తగ్గిస్తారు, కోపం కనపడితే లేచిపోతారు. నేను నా మొఖాన్ని ఎంత బాగా మూసుకున్నానంటే, పెళ్లిచూపుల్లో నేను ఒప్పుకున్నానో లేదో మా ఆయనకు అర్థంకాక, మర్నాడు మనిషిని పంపి కనుక్కున్నాడు. ఆయన పల్సానాలో డైయింగ్ మిల్లులో ఉద్యోగం చేస్తాడు. ఈ కథలో ఆయనకు పని లేదు. ఉండి ఉంటే ఇది రాయవద్దనేవాడు.

మా దుకాణంలో ఇంకో పద్ధతి ఉంది, ముడి. చీర నచ్చి, ఇప్పుడే తీసుకుపోలేని మనిషి కొంగు చివర పోగులకు తన చేత్తోనే ఒక ముడి వేసి పోతుంది. ముడి పడ్డ చీరను మేము మరొకరికి విప్పి చూపించం. ఆమె ఎప్పుడొచ్చినా ఆ చీర ఆమెదే. రాకపోయినా ఆమెదే.

దుకాణం ముందుభాగంలో తెల్లగుడ్డ పరిచిన పరుపు, దానిమీద ఆనుకోవడానికి ఒక లోడు ఉంటాయి. అది గద్దె. బాపు కూర్చునే జాగ. రేటు చెప్పేది అక్కడ కూర్చున్న మనిషే. నేను పెళ్లికి ముందు నుంచీ ఆ గద్దె పక్కన కూర్చుని చీరలు విప్పాను, మడిచాను, మళ్లీ విప్పాను. బాపు తర్వాత గద్దె నాదేనని నాకు ఎవరూ చెప్పలేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడని కూడా ఎవరూ చెప్పలేదు కదా.

అప్పుడు బాపు కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఎదుటి మొఖం మసక బారింది. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు ఆపరేషన్, ఆ తర్వాత గద్దె దిగుతానని ఆయనే అన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా మరదలు సుప్రియ తన ల్యాప్‌టాప్ పట్టుకుని దుకాణంలోకి వచ్చింది.

సుప్రియ మా తమ్ముడు రమేశ్ భార్య. వాళ్ల నాన్నది రైల్వే ఉద్యోగం. సూరత్ రైల్వే క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగింది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, మనుషుల మొఖంలోని భావాలను కంప్యూటర్ చేత గుర్తుపట్టించడం మీద పరిశోధన చేస్తోంది. నోట మాట పడిపోయిన రోగులకు నొప్పి పుట్టినప్పుడు నర్సుకు తెలియాలి, అందుకోసమని చెప్పింది. మంచి పనే. మంచి పని చేసేవాళ్లమీద ఏడవడం ఎంత కష్టమో మీకు తెలియదు. తప్పు పట్టడానికి పట్టు దొరకదు, జరీ లేని అంచులాగా.

ఆమెకు మొఖాలు కావాలి. మా దుకాణంలో మొఖాలకు కొదవలేదు. గద్దె మీద చిన్న కెమెరా పెట్టుకుంటానని, వచ్చినవాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్లవే తీస్తానని బాపును అడిగింది. నేను పొరపాటున గద్దె మీద చేయి ఆనిస్తేనే "జర పక్కకు జరుగు" అనే మనిషి, ఆమె ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి తన లోడునే జరిపాడు.

నా కడుపులో ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయినట్టయింది.

అక్కడితో ఆగలేదు. సుప్రియ రాగానే "తిన్నవా బిడ్డా?" అనేవాడు. ఆమె ఏదో అంటే నవ్వేవాడు, పళ్లు కనపడేట్టు. బాపుకు పైవరసలో పన్ను ఊడిపోయిందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. వినపడని మనిషితో ఆమె ఏం మాట్లాడేదో ఏమో, చేతులు తిప్పుతూ, కళ్లు తిప్పుతూ చెబితే ఆయనకు అన్నీ అర్థమయ్యేవి. ఆమె మొఖం తెరిచిన కిటికీ. నాది మూసిన షట్టరు. ఆ షట్టరు దించింది ఆయనే, ఇప్పుడు గాలి కోసం కిటికీ దగ్గర కూర్చున్నదీ ఆయనే.

ఆ మిషన్‌కు తెలిసిన భావాలు మొత్తం ఏడు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం. ఏడోది మామూలు, అంటే ఏమీ లేని మొఖం. సుప్రియ నన్ను కెమెరా ముందు కూర్చోబెడితే ప్రతిసారీ "మామూలు" అనే వచ్చింది. లోపల ఇస్త్రీపెట్టె కాలుతూనే ఉంది.

"వదినా, మీరు అసలు మనిషేనా?" అని నవ్వింది సుప్రియ. "ఏ ఫోటో పెట్టినా న్యూట్రల్!"

"గద్దె మీద కూసునేటోల్లకు గట్లనే ఉండాలె," అన్నాను నేను, బాపుకు వినపడేంత గట్టిగా. ఆయనకు వినపడలేదు.

ఇంత వరకైతే భరించేదాన్నే. కానీ రమేశ్‌కు ఒక ఆలోచన వచ్చింది. వాడికి ఆలోచనలు రావడమే అరుదు, వచ్చినప్పుడు నా మీదికే వస్తాయి. "అక్కా, నువ్వు ఇల్లు, పిల్లలు అన్నీ ఇడిచిపెట్టి పొద్దంత గీడ ఎందుకు? మిషనే చెప్తది గదా ఎవలకు చీరె నచ్చిందో. ఎవడన్న జీతగాన్ని కూసోబెడ్తే అయిపాయె," అని, అదే మాట బాపు చెవిలో కూడా అరిచాడు.

బాపు ముందు చేతిలో ఉన్న చీర మడత పెట్టాడు. తర్వాత, "సూద్దాం. నా ఆపరేషన్ లోపట ఎవలు మంచిగ సదివితే ఆల్లదే గద్దె. మనిషైతే మనిషిది, మిషనైతే మిషన్‌ది," అన్నాడు.

సుప్రియకు ఆ గద్దె అక్కర్లేదు. అది నన్ను ఇంకా మండించింది. నేను దేనికోసం ఇన్నేళ్లు కాళ్లు మడుచుకుని కూర్చున్నానో, అది ఆమెకు ఉత్తపుణ్యానికి కూడా వద్దు.

మొదట్లో మిషన్ ఘోరంగా ఓడింది. పోగు చూడడానికి కళ్లు చిట్లించిన ముసలామెను "కోపం" అన్నది. కలరా ఉండల వాసనకు ముక్కు ముడిచిన మరాఠీ ఆమెను "అసహ్యం" అన్నది. ఆమె రెండు చీరలు కొని మూడోదానికి ముడి వేసి పోయింది. ఆ సాయంత్రం నేను ఇంటికి ఖమణ్ ఢోక్లా కట్టించుకుపోయాను. పండగా అని మా ఆయన అడిగాడు.

సుప్రియ దిగులుపడింది. కారణం ఆమే చెప్పింది. మిషన్ నేర్చుకున్న ఫోటోలు ఎక్కువగా వేరే దేశాలవాళ్లవి, కెమెరా ముందు నటించినవి. మన ఆడవాళ్లవి తక్కువ. మా దుకాణంలో తీసిన వాటిలో సంతోషం, మామూలు కుప్పలుగా ఉన్నాయి. భయం, అసహ్యం, దుఃఖం ఎక్కడో ఒకటి. చీరల దుకాణానికి భయపడుతూ ఎవరొస్తారు, రేటు వినేవరకు?

"అందుకే గ్యాన్ వాడుతున్నా వదినా," అన్నది. జెనరేటివ్ అడ్వర్సేరియల్ నెట్‌వర్క్ అని పూర్తిపేరు చెప్పి, నా మొఖం చూసి (మామూలు), చీరల భాషలోకి దిగింది. "రెండు మిషన్లు అనుకోండి. ఒకటి నకిలీ మొఖాలు తయారుచేస్తుంది. రెండోది మామయ్యలాంటిది, వేలితో రుద్ది ఇది అసలు, ఇది నకిలీ అని పట్టేస్తుంది. పట్టుబడినకొద్దీ మొదటిది ఇంకా బాగా చేస్తుంది. అది బాగా చేసినకొద్దీ రెండోది ఇంకా గట్టిగా పడుతుంది. ఇద్దరూ పోట్లాడి పోట్లాడి, చివరికి అసలుకు నకిలీకి తేడా తెలియని మొఖాలు వస్తాయి. తక్కువపడ్డ భావాలకు ఆ మొఖాలు కలిపి నేర్పిస్తే, నిజం మనుషుల మొఖాలు బాగా చదువుతుంది. బస్."

నాకు వెంటనే అర్థమైంది. సూరత్‌లో పుట్టిన జరీ కథ కూడా ఇదే. నకిలీ బాగుపడ్డకొద్దీ చూసే కన్ను బాగుపడింది. అర్థమైనందుకు నామీద నాకే కోపమొచ్చింది.

నకిలీ మొఖాలను ల్యాప్‌టాప్‌లో చూపించింది. వరసలు వరసలు. మన ఆడవాళ్లే, మన బొట్లే, మన దుకాణం లైటే. కానీ వీళ్లలో ఒక్కరూ పుట్టలేదు. ఎవరి కూతురూ కాదు, ఎక్కడా ఇల్లు లేదు. కొందరికి తప్పులున్నాయి, మెడలో గొలుసు సగంలో మాయమవడంలాంటివి. ముఖ్యంగా చెవులు. "కమ్మలు రెండూ ఒకేలా చేయడం దీనికి ఇంకా రాదు వదినా," అన్నది సుప్రియ.

తర్వాత అసలు దెబ్బ కొట్టింది. "వీటిలో ఏ మొఖం ఏ భావమో, ఏది తప్పో మీకంటే బాగా ఎవరు చెబుతారు? జర చూసి పెట్టరా? బాగాలేనివి తీసేయండి."

నన్ను ఓడించే మిషన్‌కు నన్నే పంతులమ్మను చేస్తోంది. సరే అన్నాను. నా ఎత్తు నాకుంది. చెత్తవన్నీ మంచివని, మంచివన్నీ చెత్తవని చెప్పి పంపుదామనుకున్నాను. కానీ కూర్చున్నాక చేయి రాలేదు. పాడు సరుకును మంచిదని చెప్పడం నా వృత్తే, ఒప్పుకుంటాను. కానీ లాభం కోసం చెబుతాను, ఉత్తగా చెప్పలేను. పైగా వాటిని సరిగా వేరుచేయగలనని ఎవరైనా చూడాలి కదా. అన్నీ సరిగానే వేరుచేసి పెట్టాను. మా వంశంలో ఇంత నష్టానికి సరుకిచ్చినవాళ్లు ఎవరూ లేరు.

అప్పుడే ఆ మొఖం కనపడింది.

ఇంచుమించు నా వయసు ఉంటుంది. చామనఛాయ, ఎడమ కనుబొమ్మ మీద ఏటవాలుగా చిన్న గీత. ఒక చెవికి ఎర్రరాయి దిద్దు, రెండో చెవికి సన్నటి రింగు. అది మిషన్ చేసిన తప్పు. కింద "మామూలు" అని రాసి ఉంది. కానీ అది మామూలు కాదు. పెదవులు నిదానంగా, కళ్లు నిదానంగా ఉన్నాయి. ఆ నిదానం వెనక ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయారు. ఆ చూపు నాకు ఎదుటినుంచి తెలియదు, లోపలినుంచి తెలుసు. సుప్రియ కోసం బాపు లోడు జరిపినప్పుడు నేను ఎట్లా చూశానో, అట్లా చూస్తోంది.

"ఓర్వలేనితనం ఏ డబ్బాల పడ్తది సుప్రియా?" అని అడిగాను.

"దానికి డబ్బా లేదు వదినా. జెలసీకి సొంత మొఖం ఉండదు, వేరేవాటి వెనక దాక్కుంటుంది. ఎందుకు?"

"ఏం లేదు. గీ కమ్మలు మంచిగ లెవ్వు," అని చెప్పి ఆ మొఖాన్ని తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. పోయిందని తెలిసీ మళ్లీ ఒకసారి వెనక్కి జరిపి చూశాను. లేదు.

నకిలీ మొఖాలతో నేర్చుకున్నాక మిషన్ మారిపోయింది. కళ్లు చిట్లించడం కోపం కాదని తెలుసుకుంది. మూడో చూపును కూడా పట్టడం మొదలుపెట్టింది. నేను చెప్పేలోపే అది చెప్పేది. బాపు తొడమీద కొట్టుకుని, "గీ పోరి పెద్దగైంది," అనేవాడు. పోరి అంటే మిషన్. నన్ను ఆ మాట ఎప్పుడన్నాడో గుర్తుచేసుకోవడానికి చాలా వెనక్కి పోవాల్సి వచ్చింది. ఆపరేషన్ దగ్గరపడింది. గద్దె నా కిందినుంచి జారుతోందని నాకు తెలుసు, అసలు అది ఇంకా నా కిందికి రాకముందే.

ఇక ఆ పొద్దున.

వర్షాకాలం కాదు, చీకటి కాదు. మంచి ఎండ. అప్పుడే షట్టరు ఎత్తి, అగరుబత్తి పెట్టాను. బాపు లోపలి గదిలో కళ్లలో చుక్కలు వేసుకుని పడుకున్నాడు. కాబట్టి గద్దె మీద నేనే కూర్చున్నాను. కెమెరా తెరిచే ఉంది. సుప్రియ కాలేజీకి పోయింది.

ఒకామె వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక్కతే, పక్కన తోడు లేదు. కెమెరా పక్కన సుప్రియ పెట్టిన బోర్డు చదివి, సరేనన్నట్టు తలూపింది. నేను మొదట చూసింది చెవులు. ఒకదానికి ఎర్రరాయి దిద్దు, రెండోదానికి సన్నటి రింగు. ఆ తర్వాత కనుబొమ్మ మీది గీత.

నవ్వుకోండి, నేను కాళ్లు కూడా చూశాను. పాదాలు ముందుకే ఉన్నాయి. మడమ పగుళ్లున్నాయి. చెప్పులు బయట విడిచి వచ్చింది. మిల్లు వాడలో తిరిగే మనిషి కాళ్లే.

అల్మరాలో అట్టడుగున ఉన్న ఉల్లిపొర రంగు చీరను వేలితో చూపించింది. అది నేను నాకోసం దాచుకున్నది. బోణీ బేరం, ఒట్టిచేతులతో పంపకూడదు. తీసి విప్పాను. ఆమె అంచు చూడలేదు. కొంగు చూడలేదు. నా మొఖం చూసింది. గద్దె మీద ఆనించిన నా చేతిని చూసింది. మళ్లీ నా మొఖం చూసింది.

అప్పుడు లోపలినుంచి బాపు కేక వేశాడు. "బిడ్డా, ఛాయ్ తాగినవా?"

రోజూ వేసే కేకే. షట్టరు ఎత్తగానే వేస్తాడు. నేను "ఆఁ" అంటాను, ఆయనకు వినపడదు, అయినా మర్నాడు మళ్లీ అడుగుతాడు. ఆ కేక వినపడగానే ఆమె మొఖంలోకి ఆ చూపు వచ్చింది. ల్యాప్‌టాప్‌లో నేను చూసి తీసేసిన చూపు. ఈసారి అది నామీద ఉంది.

నామీద ఎవరైనా ఏడుస్తారని నేను ఎప్పుడూ అనుకోలేదు. నా దగ్గర ఏముందని?

"ఎంతకిస్తవక్కా?" అని అడిగింది. మా దిక్కు యాసే.

నేను కొన్న రేటు చెప్పేశాను.

దుకాణం మనిషి కానివాళ్లకు ఈ మాట బరువు తెలియదు. కొన్న రేటు మేము కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పం. జ్వరంలో కలవరించినా అమ్మే రేటే కలవరిస్తాం. అది నా నోటినుంచి, బేరం కూడా ఆడకముందే, దానంతటదే వచ్చింది.

ఆమె బేరమాడలేదు. కొంగు చేతిలోకి తీసుకుని, చివర పోగులకు ఒంటిచేత్తో నేతముడి వేసింది. "పెట్టుండు, వస్త," అని లేచి వెళ్లిపోయింది. నేను గుమ్మం దాకా లేచి వెళ్లాను. రోడ్డు మీద కూరగాయల బండి, స్కూలు ఆటో, మామూలు జనం. ఆమె ఎటు పోయిందో చూడలేదు. మాయమైందని చెప్పను, నాకు కనపడలేదని మాత్రమే చెబుతాను.

బాపు గోడ పట్టుకుని బయటికొచ్చాడు. ఎవరో వచ్చిపోయినట్టు నీడ ఆడిందని, బోణీ అయిందా అని అడిగాడు. ముడి పడిందని చేత్తో చూపించాను.

సాయంత్రం సుప్రియ వచ్చి ఆ రోజు ఫోటోలు తీసింది. కొత్త ఫోటోలను మొదట నకిలీలను పట్టే ఆ రెండో మిషన్‌కు చూపించడం ఆమెకు అలవాటు, మసకవి, చెడిపోయినవి అదే ఏరేస్తుంది. నిజం మనుషుల ఫోటోలు కదా, ఎప్పుడూ "అసలు" అనే వస్తుంది. పొద్దున బోణీ ఫోటోలో రెండు మొఖాలున్నాయి, ఎదురెదురుగా. కెమెరా పక్కనుంచి ఇద్దరినీ పట్టింది.

ఆమె మొఖం అసలు. నా మొఖం నకిలీ.

సుప్రియ పడీపడీ నవ్వింది. "వదినా, మీరు డూప్లికేట్ అంట!" భావాలు చూసింది. ఆమెది మామూలు. నాది, మొట్టమొదటిసారి, మామూలు కాదు. భయం.

నేను నవ్వలేదు. ఆమె చెవులు చూడమన్నాను. సుప్రియ పెద్దది చేసి చూసింది. ఆ తర్వాత తన సంచిలోంచి కాలేజీ ప్రదర్శన కోసం ముందే అచ్చువేయించిన కాగితం తీసింది, నకిలీ మొఖాల వరసలున్నది. మూలన ఆ మొఖం ఉంది. అదే దిద్దు, అదే రింగు, అదే గీత. నేను ల్యాప్‌టాప్‌లోంచి తీసేశాను గానీ, ఈ కాగితం అంతకుముందే అచ్చయింది.

ఆమె చదువుకున్న పిల్ల, ఊరికే బెదరదు. దీనికొక కారణం ఉండొచ్చని చెప్పింది. ఇట్లాంటి మిషన్ కొన్నిసార్లు నేర్చుకున్న ఫోటోల్లోని అసలు మనిషినే ఉన్నదున్నట్టు దింపేస్తుందట. అంటే ఆమె ఇదివరకే దుకాణానికి వచ్చి, కెమెరాలో పడి ఉండాలి. సరే, నాకూ ఆ రేటు గిట్టుబాటుగానే అనిపించింది. ఇద్దరం కూర్చుని సుప్రియ దగ్గరున్న ఫోటోలన్నీ వెతికాం. ఆమె లేదు. ఆ రోజుకు ముందు ఎక్కడా లేదు. నకిలీలను పట్టే మిషన్‌ను సుప్రియ మళ్లీ మళ్లీ నడిపింది. ప్రతిసారీ అదే జవాబు. మిగతా రోజుల నా ఫోటోలన్నీ అసలు. ఆ ఒక్కటే నకిలీ.

సుప్రియ ల్యాప్‌టాప్ మూసేసింది. "ఇది మామయ్యకు చూపించను," అన్నది. ఎందుకో నేను అడగకపోయినా నాకు తెలుసు. ఆ ఫోటోలో నా మొఖం అమ్ముడుపోయి ఉంది. అది చూస్తే గద్దె పోయినట్టే. ఆమె చేతిలో నా గద్దె ఉంది, ఆమె దాన్ని ఏ రేటూ అడగకుండా తిరిగి ఇస్తోంది. ఆ మంచితనానికి కూడా నాకు కడుపు మండిందంటే, నన్ను మీరేమనుకున్నా సరే.

కానీ బాపు మొఖం చదవడానికి ఫోటో ఎందుకు? ఆపరేషన్‌కు పోయే పొద్దున అందరం దుకాణంలో ఉండగా ఆయనే అడిగాడు. "గా ముడేసి పోయిన మనిషి సంగతేంది? మిషన్ ఏమన్నది?"

సుప్రియ నావైపు చూసి, గట్టిగా చెప్పింది. "మామూలు అన్నది మామయ్యా."

"నువ్వేమంటవ్ బిడ్డా?"

నేను ఆయన చెవి దగ్గరకు పోయి చెప్పాను. "ఆమెకు చీరె అక్కెర లేకుండె బాపూ. నా జాగ కావాల్నని వచ్చింది. నీ కేక తన కోసం కావాల్నని. గది అమ్మే సరుకు కాదని, ఊకె సూసి పోయింది."

బాపు మసక కళ్లతో నావైపు చాలాసేపు చూశాడు. నా మొఖంలో ఏం కనపడిందో, అసలు ఏమైనా కనపడిందో లేదో నాకు తెలియదు. లోడును నావైపు జరిపాడు.

"గంత లోతుల మొఖం సదివినంక ఇగ మిషన్‌తోని ఏం పని? కూసో," అన్నాడు. తర్వాత రమేశ్‌తో, "నువ్వు ఆటో పిల్వురా," అన్నాడు.

అట్లా గద్దె నాదైంది. పుట్టని మనిషి మొఖం సరిగ్గా చదివినందుకు.

సుప్రియ మిషన్ ఇప్పుడు ఆసుపత్రి పనికి పోయింది. బాగా చేస్తోందని విన్నాను. ఆ సంగతి నాకంటే బాపుకే బాగా తెలుసు. కొత్త కళ్లతో ఆమె కాలేజీ కాగితాలు తిరగేస్తూ కూర్చుంటాడు. నాకు కడుపుమంట పోలేదు. మీరు పోయిందని ఆశపడి ఉంటే క్షమించండి, ఆ సరుకు మా దగ్గర లేదు.

ఉల్లిపొర చీర ముడితో అల్మరాలోనే ఉంది. నేతముడి గోడాదరాలో సగం మందికి వచ్చు కాబట్టి దాన్ని సాక్ష్యంగా నేను చూపించను. నేనే ముడి వేసుకుని మరిచిపోయానేమో అన్నాడు రమేశ్. అనుకోవచ్చు. కానీ ఫోటోలో ఆమె ఉంది. దారిన పోయే మనిషే, పోలిక కలిసిందంతే అనుకోవచ్చు. కానీ రెండు చెవులకు రెండు రకాల కమ్మలు పెట్టుకునే మనిషిని ఈ వాడలో నేను ఇంకా చూడలేదు. ఆ మిషన్ ఆమెను అసలనీ నన్ను నకిలీ అనీ ఎందుకన్నదో సుప్రియకూ తెలియదు. నాకసలే తెలియదు.

ఇప్పటికీ పొద్దున షట్టరు ఎత్తగానే లోపలినుంచి కేక వస్తుంది. "బిడ్డా, ఛాయ్ తాగినవా?"

నేను వెంటనే పలకను. ముందు గుమ్మం వైపు చూస్తాను. అక్కడ ఎవరూ లేరని తేల్చుకున్నాకే, "ఆఁ బాపూ," అంటాను. ఆయనకు వినపడదని తెలిసినా, గట్టిగా అంటాను.